నూటికి 75: అరుదైన జీవక్రియ వ్యాధులున్న పిల్లల జీవన నాణ్యతను ఎలా కొలుస్తారు, ఆ కొలత ఎక్కడ తప్పుతుంది?

పీకేయూ (ఫెనైల్‌కీటోన్యూరియా) అనే జీవక్రియ వ్యాధితో పుట్టిన బిడ్డకు మొదటి వారాల్లోనే చికిత్స మొదలుపెడితే, ఆ బిడ్డ మామూలుగానే పెరుగుతుంది, మామూలు బడిలోనే చదువుతుంది. ఇలాంటి పిల్లల చేత జీవన నాణ్యత ప్రశ్నావళులు నింపించిన అధ్యయనాలు చాలానే ఉన్నాయి. వీళ్ల స్కోర్లకూ ఆరోగ్యంగా ఉన్న పిల్లల స్కోర్లకూ పెద్ద తేడా లేదని వాటిలో పదే పదే తేలింది. వినడానికి ఊరటనిచ్చే మాటే. కానీ ఆ పిల్లల అమ్మానాన్నలను కదిలిస్తే వచ్చే మాటలు వేరు. పిల్లల నోట్లోకి వెళ్లే దాదాపు ప్రతి పదార్థాన్నీ తూకం వేయాలి. మాంసం, గుడ్లు, పాలు, పప్పులు పక్కన పెట్టాలి. వాటికి బదులు ఘాటైన వాసన, చేదు రుచి ఉన్న అమైనో ఆమ్లాల మిశ్రమాన్ని రోజుకు మూడు నాలుగు సార్లు తాగించాలి. స్నేహితుల పుట్టినరోజుకు వెళ్లిన పిల్ల కేకు ముట్టకుండా తిరిగి రావాలి. వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్కను అట్టముక్క మీద ఆరబెట్టి ల్యాబ్‌కు పంపి, ఈసారి అంకె ఎంత వస్తుందోనని టెన్షన్ పడాలి. ఏడాదో రెండేళ్లో అయితే ఓర్చుకోవచ్చు. ఇది జీవితాంతం.

మరి స్కోరు తప్పా, తల్లిదండ్రులు పెంచి చెబుతున్నారా? రెండూ కాదు. ఆ ప్రశ్నావళిలో తిండి గురించి గానీ, మిశ్రమం గురించి గానీ, సూది గురించి గానీ ఒక్క ప్రశ్న కూడా లేదు. పరుగెత్తడం కష్టంగా ఉందా, నిద్ర పడుతోందా, తోటి పిల్లలతో పడుతోందా, బడి మానాల్సి వస్తోందా అని అడిగారు. పిల్లలు నిజాయితీగానే ఇబ్బంది లేదన్నారు.

నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. చాలా జీవక్రియ వ్యాధుల్లో పిల్లల రోజును నడిపేది వ్యాధి కాదు, చికిత్స. వ్యాధి చేసే నష్టాన్ని పట్టుకోవడానికి తయారుచేసిన ప్రశ్నలకు చికిత్స పెట్టే భారం దొరకదు. మిగతా చిక్కులు, అంటే ఎవరు జవాబు చెప్పాలి, దేనితో పోల్చాలి, ఇంత తక్కువ మందితో లెక్క ఎలా తేలాలి అన్నవి, దీని మీదే పేరుకుంటాయి.

ఒకే పేరు, వేరువేరు రోజులు

తిన్న తిండి శక్తిగా, శరీరానికి పనికొచ్చే పదార్థాలుగా మారాలంటే వేల రసాయన చర్యలు వరసగా జరగాలి. దాదాపు ఒక్కో చర్యకూ ఒక్కో ఎంజైమ్ కావాలి. జన్యులోపం వల్ల ఏదైనా ఎంజైమ్ పనిచేయకపోతే ఆ చర్య ఆగిపోతుంది. దానికి ముందున్న పదార్థం పేరుకుపోతుంది, తర్వాత రావాల్సింది తయారవదు. పుట్టుకతో వచ్చే ఇలాంటి లోపాలు ఒక ప్రత్యేక వర్గమని ఆర్చిబాల్డ్ గారాడ్ అనే బ్రిటిష్ వైద్యుడు 1908లో తన ఉపన్యాసాల్లో వివరించాడు. 2021లో వచ్చిన అంతర్జాతీయ వర్గీకరణలో వీటి సంఖ్య దాదాపు 1,450. విడివిడిగా అన్నీ అరుదైనవే. ఐరోపా సమాఖ్య లెక్కలో పదివేల మందిలో ఐదుగురికి మించి లేని వ్యాధి అరుదైనది. అమెరికాలో దేశం మొత్తం మీద 2 లక్షల మంది కన్నా తక్కువ మందికి ఉన్నది అరుదైనది. ఐరోపాలో సుమారు పదివేల జననాలకు ఒకటి చొప్పున కనిపించే పీకేయూ ఈ గుంపులో ‘ఎక్కువగా కనిపించే’ వ్యాధి. దీన్నిబట్టి మిగతావి ఎంత అరుదో ఊహించుకోవచ్చు.

పీకేయూలో ఫెనైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం రక్తంలో పెరిగి మెదడును దెబ్బతీస్తుంది. 1934లో నార్వే వైద్యుడు అస్బ్యోర్న్ ఫోలింగ్ ఈ వ్యాధిని గుర్తించాడు. 1953లో హోర్స్ట్ బికెల్ బృందం ఫెనైల్‌అలనిన్ తక్కువగా ఉండే ఆహారంతో ఫలితం ఉంటుందని చూపించింది. 1960ల మొదట్లో రాబర్ట్ గత్రీ రక్తపు చుక్కతో చేసే పరీక్ష తీసుకురావడంతో, నష్టం జరగకముందే పసిబిడ్డల్లో దీన్ని పట్టుకోవడం సాధ్యమైంది. అంటే తీవ్రమైన మేధో వైకల్యం రావాల్సిన పిల్లలు ఇప్పుడు మామూలుగా చదువుకుంటున్నారు. అందుకు చెల్లించే మూల్యం రోజూ పళ్లెంలో కనిపిస్తుంది.

యూరియా చక్ర లోపాల తీరు వేరు. ప్రొటీన్ అరిగినప్పుడు పుట్టే అమ్మోనియాను శరీరం వదిలించుకోలేదు. బిడ్డ నెలల తరబడి బాగానే ఉండొచ్చు. ఒక జ్వరం, ఒక పూట వాంతులు చాలు, కొన్ని గంటల్లో అమ్మోనియా పెరిగి స్పృహ తప్పే దాకా వెళ్లొచ్చు. అందుకే ఏ చిన్న జబ్బు చేసినా ఆసుపత్రికి పరుగే. ‘గత నెలలో ఎలా ఉన్నావు’ అని అడిగే ప్రశ్నావళి ఆ నెల ప్రశాంతంగా గడిచి ఉంటే మంచి స్కోరే ఇస్తుంది. ఎప్పుడు ఏమవుతుందోనన్న భయం మాత్రం ఆ నెలలో కూడా ఉంది.

గ్లైకోజన్ నిల్వ వ్యాధి మొదటి రకంలో కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి వదలలేదు. కొద్ది గంటలు తినకపోతే రక్తంలో గ్లూకోజ్ పడిపోతుంది. వండని మొక్కజొన్న పిండిని నీళ్లలో కలిపి తాగితే అది మెల్లగా అరుగుతూ గ్లూకోజ్ ఇస్తుందని 1984లో తేలాక ఈ పిల్లల జీవితం ఎంతో మారింది. కానీ అది రాత్రిపూట కూడా తాగాలి. అలారం పెట్టుకుని లేచి, నిద్రపోతున్న బిడ్డను లేపి తాగించాలి. ఒక్క రాత్రి అలారం వినపడకపోతే ప్రాణం మీదికి రావొచ్చు. ‘నిద్ర పట్టడంలో ఇబ్బంది ఉందా’ అనే ప్రశ్నకు ఈ పిల్లవాడు ‘లేదు’ అనే అంటాడు. పడుకోగానే వాడికి నిద్ర పడుతుంది. నిద్ర లేనిది వాళ్లమ్మకు.

ఇక ఎంపీఎస్ (మ్యూకోపాలీశాకరైడోసిస్), పాంపే లాంటి నిల్వ వ్యాధుల్లో కణాల్లో విరగని పదార్థాలు పేరుకుని కీళ్లు, ఎముకలు, గుండె, ఊపిరి, కండరాలు క్రమంగా దెబ్బతింటాయి. కొన్నిటికి లోపించిన ఎంజైమ్‌ను బయటినుంచి నరంలోకి ఎక్కించే చికిత్స ఉంది. పాంపేకు రెండు వారాలకోసారి, పలు ఎంపీఎస్ రకాలకు వారానికోసారి, ఒక్కోసారి కొన్ని గంటలు పడుతుంది. వారానికోసారి అంటే బడి ఉన్న ఐదారు రోజుల్లో ఒకటి పోయినట్టే. ఇక్కడ వ్యాధి భారమూ ఉంది, చికిత్స భారమూ ఉంది. ఈ నాలుగు రకాల పిల్లలకూ ఒకే కాగితం ఇచ్చి, వచ్చిన అంకెలను కలిపి ‘జీవక్రియ వ్యాధులున్న పిల్లల సగటు జీవన నాణ్యత’ అని రాయడం మామూలే. ఆ సగటు ఏ పిల్లవాడి గురించీ చెప్పదు.

అంకె ఎలా పుడుతుంది?

జీవన నాణ్యత అంటే మనిషి తాను బతుకుతున్న సంస్కృతిలో, విలువల మధ్య, తన లక్ష్యాలు, ఆశలు, ఆందోళనల దృష్ట్యా తన స్థితిని తాను ఎలా చూసుకుంటున్నాడన్నదే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం 1990లలో నిర్వచించింది. ఇందులో కీలకమైన మాట ‘తాను ఎలా చూసుకుంటున్నాడు’ అన్నది. కానీ ఆసుపత్రుల్లో వాడేవి అంత దూరం వెళ్లవు. ఆరోగ్యం వల్ల రోజువారీ పనులకు, మనసుకు, స్నేహాలకు, చదువుకు ఎంత ఆటంకం కలుగుతోందన్న మేరకే అడుగుతాయి.

పిల్లల విషయంలో ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది పెడ్స్‌క్యూఎల్. అమెరికాకు చెందిన జేమ్స్ వార్నీ బృందం దీన్ని రూపొందించింది, మొదటి రూపం 1999లో వెలువడింది. ఇప్పుడు వాడుకలో ఉన్న సాధారణ రూపంలో 23 ప్రశ్నలుంటాయి: శారీరకం 8, భావోద్వేగాలు 5, సామాజికం 5, బడి 5. గత నెలలో ఫలానా విషయం ఎంత ఇబ్బంది పెట్టిందన్నదే ప్రతి ప్రశ్న సారం. ‘ఎప్పుడూ లేదు’ నుంచి ‘దాదాపు ఎప్పుడూ’ దాకా ఐదు జవాబులు. మొదటిదానికి 100, తర్వాత 75, 50, 25, చివరిదానికి 0. వాటి సగటే స్కోరు. ఎక్కువ వస్తే మంచిదన్నమాట.

సామాజిక భాగంలోని ఐదు ప్రశ్నలనే తీసుకుందాం. ఒక పాప అన్నిటికీ ‘దాదాపు ఎప్పుడూ లేదు’ అని పెట్టింది. ఐదు 75లు, సగటు 75. ఇంకో బాబు మూడింటికి ‘ఎప్పుడూ లేదు’ అన్నాడు, ఒకదానికి ‘దాదాపు ఎప్పుడూ లేదు’ అన్నాడు. కానీ తోటి పిల్లలు చేయగలిగే పనులు తాను చేయలేకపోతున్నానన్న ప్రశ్న దగ్గర మాత్రం ‘దాదాపు ఎప్పుడూ’ అని పెట్టాడు. మూడు వందలు, ఒక 75, ఒక సున్నా. మొత్తం 375, ఐదుతో భాగిస్తే మళ్లీ 75. పాపకు చెప్పుకోదగ్గ కష్టం లేదు. బాబుకు ఒక్కటే కష్టం ఉంది, అది రోజూ ఉంది. రిపోర్టులో ఇద్దరిదీ ఒకటే అంకె.

దీనికి ఇంకో కోణం ఉంది. స్కోరు ఎంత మారితే ‘నిజంగా మారింది’ అనాలి? పెడ్స్‌క్యూఎల్ మొత్తం స్కోరులో పిల్లల జవాబులకు సుమారు 4.4, తల్లిదండ్రుల జవాబులకు 4.5 పాయింట్లు మారితే అది పట్టించుకోదగ్గ తేడా అని వార్నీ బృందమే 2003లో సూచించింది. 23 ప్రశ్నల్లో ఒక్క జవాబు ఒక్క మెట్టు జరిగితే మొత్తం స్కోరు 1.1 పాయింటు కదులుతుంది. అంటే నాలుగు జవాబులు ఒక్కో మెట్టు జరగాలి. అదే ఐదు ప్రశ్నల భాగంలో అయితే ఒక్క మెట్టుకే 5 పాయింట్లు. 5 నుంచి 7 ఏళ్ల పిల్లలకు ఐదు జవాబుల బదులు మూడు ముఖాల బొమ్మలే చూపిస్తారు కాబట్టి ఒక్క మెట్టుకు 10 పాయింట్లు. ఆ రోజు పొద్దున ఎవరితోనో పోట్లాడి వచ్చిన ఆరేళ్ల పిల్ల వేలు ఒక బొమ్మ మీంచి పక్క బొమ్మ మీదికి జరిగినా ఆ భాగం స్కోరు 10 పడిపోతుంది. దీన్ని మందు దుష్ప్రభావమనో, వ్యాధి ముదిరిందనో చదివేస్తే కష్టం.

వ్యాధిని చూసి రాసిన ప్రశ్నలు

సాధారణ ప్రశ్నావళి ఉపయోగం పోల్చడానికి. ఉబ్బసం ఉన్న పిల్లలను, మధుమేహం ఉన్న పిల్లలను, ఏ వ్యాధీ లేని పిల్లలను ఒకే కొలతలో పెట్టొచ్చు. ఐరోపాలోని 13 దేశాల్లో 8 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం తయారైన కిడ్‌స్క్రీన్ కూడా ఇలాంటిదే. అందులో 52, 27, 10 ప్రశ్నల రూపాలున్నాయి. కానీ అందరికీ వర్తించేలా అడగాలంటే ఎవరికో ఒకరికే వర్తించేదాన్ని వదిలేయక తప్పదు.

ఆ వదిలేసినవాటి కోసమే ప్రత్యేక ప్రశ్నావళులు వచ్చాయి. పీకేయూ కోసం తయారైన పీకేయూ-క్యూఓఎల్ 2015లో వెలువడింది. పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి, పెద్దలకు, తల్లిదండ్రులకు వేరువేరు రూపాలున్నాయి. మిశ్రమం రుచి, ఆహార నియమాలు, రక్తంలోని ఫెనైల్‌అలనిన్ అంకె గురించిన ఆందోళన, నియమం తప్పినప్పుడు కలిగే అపరాధ భావం లాంటివి ఇందులో నేరుగా అడుగుతారు. సేంద్రియ ఆమ్లాల లోపాలు, యూరియా చక్ర లోపాలు లాంటి, విష పదార్థాలు పేరుకునే రకం వ్యాధులున్న పిల్లల కోసం మెటాబ్‌క్యూఓఎల్ 1.0 అనేది 2017లో వచ్చింది. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక: పెడ్స్‌క్యూఎల్‌లో ఎక్కువ స్కోరు మంచిది, పీకేయూ-క్యూఓఎల్‌లో ఎక్కువ స్కోరు అంటే ఎక్కువ భారం. రెండూ 0 నుంచి 100 లోనే ఉంటాయి. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్లు తికమకపడే చోటు ఇది.

ప్రత్యేక ప్రశ్నావళికి దాని పరిమితి దానికుంది. మిశ్రమం రుచి గురించి అడిగితే ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు అర్థమే లేదు, పోల్చడానికి ఎవరూ ఉండరు. పైగా 1,450 వ్యాధులకు 1,450 ప్రశ్నావళులు తయారుచేయలేం. మెటాబ్‌క్యూఓఎల్ పట్టుకున్న మధ్యేమార్గం నాకు తెలివైనదిగా కనిపిస్తుంది. ఒక్కో వ్యాధికి కాక, పోలిక ఉన్న వ్యాధుల గుంపుకు ఒక ప్రశ్నావళి. దినచర్యను ఎలా మారుస్తాయన్న పోలికను బట్టి కూడా వ్యాధులను ఇలా గుంపు చేయొచ్చు. ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉండకూడని పిల్లలందరిదీ ఒక గుంపు కావచ్చు, వారం వారం సూది వేయించుకునే పిల్లలందరిదీ ఇంకో గుంపు కావచ్చు. ఎంజైమ్ ఏదైనా వాళ్ల మంగళవారం ఒకేలా ఉంటుంది.

ఎవరి నోటి మాట?

ఐదేళ్ల లోపు పిల్లలు తమ గురించి తాము చెప్పే జవాబులు నమ్మదగినవి అనడానికి ఆధారం లేదనీ, 5-7 ఏళ్ల మధ్య అనుమానమేననీ, 8 ఏళ్ల నుంచి మెరుగుపడుతుందనీ, 12 దాటాక పిల్లల మాటే ప్రధానమనీ ఈ రంగంలో పనిచేసే నిపుణుల బృందం 2013లో తేల్చింది. పెడ్స్‌క్యూఎల్ 5 ఏళ్ల నుంచి పిల్లలను నేరుగా అడుగుతుంది. 2-4 ఏళ్లవారికి తల్లిదండ్రుల రూపమే ఉంది. మిగతా వయసుల్లో రెండూ ఉన్నాయి.

రెండూ నింపిస్తే తరచూ రెండు వేరువేరు అంకెలు వస్తాయి. క్రిస్టీన్ ఐసర్, రేచల్ మోర్స్ 2001లో అంతకుముందు వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, పైకి కనిపించే శారీరక విషయాల్లో ఇద్దరి మాటా బాగా కలిసింది, మనసుకు, స్నేహాలకు సంబంధించిన విషయాల్లో అంతగా కలవలేదు. దీర్ఘకాల జబ్బు ఉన్నప్పుడు సాధారణంగా తల్లిదండ్రులు ఇచ్చే స్కోరు పిల్లలు ఇచ్చుకునే స్కోరు కన్నా తక్కువ. తల్లిదండ్రులకు దిగులు, ఆందోళన ఎక్కువగా ఉంటే వాళ్లు ఇచ్చే స్కోరు ఇంకా తగ్గుతుంది. 

దీన్ని తల్లిదండ్రుల పొరపాటుగా చూడటం నాకు నచ్చదు. తల్లికి రెండేళ్ల తర్వాత ఏం కావొచ్చో తెలుసు, పిల్లకు ఈ రోజు ఆట తెలుసు. ఇద్దరూ చూస్తున్నవి వేరు. ఆ తేడానే ఒక సమాచారం. కాకపోతే తల్లి కష్టాన్ని పిల్ల స్కోరులో దూర్చకుండా విడిగా కొలవాలి. పెడ్స్‌క్యూఎల్‌కే కుటుంబం మీద పడే ప్రభావాన్ని అడిగే 36 ప్రశ్నల భాగం ఒకటుంది. రాత్రి అలారం పెట్టుకుని లేచే తల్లి అలసట అక్కడైతే కనిపిస్తుంది. అయినా చాలా అధ్యయనాల్లో పిల్లల కాగితం ఒక్కటే నింపించి వదిలేస్తారు.

పిల్ల ఎప్పటికీ చెప్పలేని వ్యాధుల్లో ఏం చేయాలి? సాన్‌ఫిలిప్పో అనే ఎంపీఎస్ రకంలో మొదటి ఏళ్లు మామూలుగా గడిచాక మాట, నేర్చిన పనులు ఒక్కొక్కటే పోతాయి. మధ్య దశలో తీవ్రమైన చంచలత్వం, నిద్రలేమి ఉంటాయి. ‘మీ బిడ్డకు దిగులుగా ఉందా’ అని తల్లిని అడిగితే ఆమె చెప్పగలిగేది ఊహే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009 మార్గదర్శకాల్లో ఇక్కడ ఒక గీత గీసింది. రోగి తన గురించి తాను చెప్పలేనప్పుడు, రోగికి ఏమనిపిస్తోందో ఇంకొకరి చేత చెప్పించవద్దు. కళ్లతో చూడగలిగే ప్రవర్తనను, సంఘటనలను మాత్రమే చెప్పించండి అంది. రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎంతసేపు ఏడ్చింది, మనిషిని చూసి నవ్విందా, తినిపిస్తుంటే పొలమారిందా. లెక్కకు ఇది గట్టి పద్ధతే. కానీ ఇలా కొలిచేది బిడ్డ ప్రవర్తనను. దాన్ని జీవన నాణ్యత అని పిలవడంలో కొంత సాహసం ఉంది.

ఈ వ్యాధుల్లో ఇంకో తిరకాసు. నష్టం ఆగకుండా పెరిగే చోట ఏడాది తర్వాత స్కోరు అలాగే ఉందంటే చికిత్స పనిచేసినట్టు కావచ్చు, కాస్త తగ్గినా పనిచేసినట్టే కావచ్చు. చికిత్స లేకపోతే ఎంత పడిపోయేదో తెలిస్తేనే ఆ మాట అనగలం. దానికి వ్యాధి సహజంగా ఎలా నడుస్తుందో ఏళ్ల తరబడి నమోదు చేసిన రికార్డులు ముందే ఉండాలి.

దేనితో పోల్చుకోవాలి?

తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లలో సగానికి పైగా, 54 శాతం మంది, తమ జీవన నాణ్యత బాగుందని లేదా చాలా బాగుందని చెప్పినట్టు గ్యారీ ఆల్‌బ్రెక్ట్, ప్యాట్రిక్ డెవ్లీగర్ 1999లో ప్రచురించారు. వాళ్లు మాట్లాడింది పెద్దవాళ్లతో. బయటివాళ్ల అంచనాకూ, అనుభవించేవాళ్ల మాటకూ మధ్య ఉన్న ఈ ఎడం అప్పటినుంచీ చర్చలో ఉంది. జబ్బు వచ్చాక మనుషులు తమ కొలతలను, ప్రాధాన్యాలను మార్చుకుంటారనీ, అందుకే ఆరోగ్యం తగ్గినా స్కోరు తగ్గకపోవచ్చనీ అదే ఏడాది మిర్యమ్ స్ప్రాంగర్స్, కారొలిన్ ష్వార్ట్జ్ ఒక సిద్ధాంతం ఇచ్చారు.

పుట్టుకతో వచ్చిన జీవక్రియ వ్యాధికి ఈ సిద్ధాంతం సగమే అతుకుతుంది. మార్చుకోవడానికి ఈ పిల్లలకు పాత కొలతే లేదు. ‘జబ్బుకు ముందు’ అనే కాలం వాళ్ల జీవితంలో లేదు. నాలుగేళ్ల పిల్లకు తూకం వేసిన తిండే తిండి. బడిలో పక్కవాళ్ల డబ్బాలోకి చూసినప్పుడు, పన్నెండేళ్లకు స్నేహితులతో బయట తినాలనిపించినప్పుడు పోలిక మొదలవుతుంది. అందుకే ఎనిమిదేళ్లకు 90 ఉన్న స్కోరు పద్నాలుగేళ్లకు 78 అయితే వ్యాధి ముదిరిందని కాకపోవచ్చు. చూసే చూపు మారి ఉండొచ్చు. రక్తపరీక్షలు ఆరేళ్లుగా ఒకేలా ఉన్నప్పుడు ఈ సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగే తీరు కూడా ఇక్కడ ముఖ్యమే. చక్రాల కుర్చీలో తిరిగే ఎంపీఎస్ బాబును ‘పరుగెత్తడం నీకు ఎంత ఇబ్బంది’ అని అడిగితే ‘దాదాపు ఎప్పుడూ’ అని పెట్టొచ్చు, పరుగెత్తలేడు కాబట్టి. ‘ఎప్పుడూ లేదు’ అని కూడా పెట్టొచ్చు, దాని గురించి వాడు ఆలోచించడు కాబట్టి. రెండూ నిజమే, మధ్య తేడా 100 పాయింట్లు. నెదర్లాండ్స్‌లో తయారైన టాక్‌క్యూఓఎల్ అనే ప్రశ్నావళి ఈ రెంటినీ విడదీసింది. ముందు ఇబ్బంది ఉందా అని అడుగుతుంది, ఉందంటే దాని వల్ల ఎలా అనిపిస్తోందని మళ్లీ అడుగుతుంది. ప్రశ్నలు ఎక్కువవుతాయి, నింపేవాళ్లకు విసుగు పుడుతుంది. కానీ చేయలేకపోవడం వేరు, చేయలేకపోతున్నానని బాధపడటం వేరు అన్న తేడా మిగులుతుంది.

పన్నెండు మందితో ఏం తేలుతుంది?

ఒక అరుదైన వ్యాధికి ఒక కేంద్రంలో పన్నెండు మంది పిల్లలు దొరికారనుకుందాం. వాళ్ల స్కోర్లు సగటు చుట్టూ 15 పాయింట్ల ప్రామాణిక విచలనంతో చెదిరి ఉన్నాయనుకుందాం. అప్పుడు ఆ సగటుకు అటూ ఇటూ దాదాపు 9.5 పాయింట్ల అనిశ్చితి ఉంటుంది. మనం పట్టుకోవాలనుకున్న ముఖ్యమైన తేడా 4.4. అంటే నిజంగా మేలు జరిగినా లెక్కలో ‘తేడా లేదు’ అనే వస్తుంది. అదే 120 మంది అయితే అనిశ్చితి 2.7కు తగ్గుతుంది, తేడా కనిపిస్తుంది. అంతమందిని పోగు చేయడానికి పది దేశాలు తిరగాలి, అప్పుడు బడి అంటే, ఆట అంటే, స్వతంత్రం అంటే దేశానికో అర్థం. ‘జీవన నాణ్యతలో మెరుగుదల కనిపించలేదు’ అని రాసి ఉన్న చిన్న అధ్యయనాన్ని చదివినప్పుడు, మెరుగుదల లేదా, లేక కనిపించేంత మంది లేరా అని అడగాలి.

ఇందువల్లే మందుల పరీక్షలు తేలిగ్గా కొలవగలిగేవాటి వైపు వెళ్తాయి. ఎంపీఎస్ నాలుగు-ఏ రకానికి 2014లో అమెరికాలో అనుమతి పొందిన ఎలోసల్ఫేస్ ఆల్ఫా ప్రధాన పరీక్షలో 176 మంది పాల్గొన్నారు. వారం వారం మందు తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్లతో పోలిస్తే 24 వారాల తర్వాత ఆరు నిమిషాల్లో సగటున 22.5 మీటర్లు ఎక్కువ నడిచారు. స్పష్టమైన, వాదించడానికి వీల్లేని అంకె. ఆ 22.5 మీటర్లు పిల్ల రోజులో ఏం మార్చాయి, తరగతి గది నుంచి ఆటస్థలం దాకా ఒంటరిగా వెళ్లగలిగిందా అన్నది ఆ అంకెలో లేదు.

దీనికి ఒక పాత ఉపాయం మళ్లీ పనికొస్తోంది. మానసిక ఆరోగ్య సేవల కోసం థామస్ కిరెసుక్, రాబర్ట్ షెర్మన్ 1968లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. పిల్ల, తల్లిదండ్రులు, వైద్యుడు కలిసి ఆ పిల్లకు ముఖ్యమైన రెండు మూడు లక్ష్యాలు ముందే రాసుకుంటారు. అనుకున్నంత జరిగితే 0, ఎక్కువ జరిగితే +1, +2, తక్కువైతే −1, −2. ఒకరి లక్ష్యం సాయం లేకుండా చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కావచ్చు, ఇంకొకరిది స్నేహితురాలి ఇంట్లో ఒక రాత్రి ఉండి రావడం కావచ్చు. లక్ష్యాలు వేరైనా స్కోర్లు కలపొచ్చు. లక్ష్యాలు మరీ సులువుగా పెట్టుకుంటే అందరికీ +2 వస్తుందన్నది దీని లోపం. అయినా పన్నెండు మందే ఉన్నప్పుడు, అందరినీ ఒకే ప్రశ్న అడగడం కన్నా ఇది నిజాయితీగా ఉందనిపిస్తుంది.

డబ్బు లెక్కలోకి వెళ్లినప్పుడు

ఈ అంకెలు ఎక్కువ బరువు మోసేది మందుకు ప్రభుత్వం డబ్బు పెట్టాలా వద్దా అని తేల్చేటప్పుడు. జీవన నాణ్యతను 0 నుంచి 1 మధ్య విలువగా మార్చి, బతికిన ఏళ్లతో గుణించి, ఒక్కో ‘నాణ్యమైన ఏడాది’కి ఎంత ఖర్చవుతోందో చూస్తారు. ఇంగ్లండ్‌లో ఈ పని చేసే నైస్ సంస్థ, అత్యంత అరుదైన వ్యాధుల కోసం విడిగా నడిపే విభాగంలో అలాంటి ఏడాదికి లక్ష పౌండ్లను హద్దుగా 2017లో పెట్టింది. లాభం చాలా ఎక్కువగా ఉంటే అది 3 లక్షల దాకా పోవచ్చు.

ఆ విలువలు ఎక్కడివి? ఈక్యూ-5డీ-వై అనే పిల్లల ప్రశ్నావళిలో ఐదే విషయాలు: నడక, తన పనులు తాను చూసుకోవడం, రోజువారీ పనులు, నొప్పి, దిగులు లేదా ఆందోళన. వీటిలో ఏది ఎంత చెడ్డదో పిల్లలను అడిగి తేల్చలేదు. 2020లో వచ్చిన అంతర్జాతీయ పద్ధతి ప్రకారం పెద్దవాళ్లను కూర్చోబెట్టి, పదేళ్ల పిల్లవాడిని ఊహించుకుని చెప్పమంటారు. పీకేయూ పిల్లకు నడక బాగుంది, నొప్పి లేదు, స్నానం తానే చేస్తుంది, రోజువారీ పనులకు అడ్డు లేదు. ఐదులో నాలుగింటికి పూర్తి మార్కులు వచ్చేస్తాయి. రోజుకు నాలుగుసార్లు తాగే మిశ్రమాన్ని తప్పించే మందు ఒకటి వస్తే, ఈ కొలతలో దాని లాభం దాదాపు ఏమీ ఉండదు, ఎందుకంటే మొదట్లోనే నష్టం కనబడలేదు. మొదట్లో చెప్పిన చిక్కు ఇక్కడికి వచ్చేసరికి కోట్ల రూపాయల నిర్ణయంగా మారుతుంది.

గదిలో, డాక్టరు ఎదుట

పరిశోధనలో ఇన్ని తిప్పలు పెట్టే ఈ ప్రశ్నావళులు, ఒక్క పిల్ల గురించి ఒక్క డాక్టరు మాట్లాడేటప్పుడు మాత్రం బాగా పనికొస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఎమ్మా పిల్లల ఆసుపత్రిలో 2011 నుంచి క్లిక్ అనే ఏర్పాటు ఉంది. ఆసుపత్రికి వచ్చే ముందే పిల్లలు గానీ, తల్లిదండ్రులు గానీ ఇంట్లో కంప్యూటర్‌లో ప్రశ్నావళి నింపుతారు. డాక్టరు తెర మీద ఒక్కో జవాబూ ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగుల్లో కనిపిస్తుంది. సగటు కన్నా ముందు ఎర్రగా ఉన్న ఆ ఒక్క జవాబు మీదికి కన్ను వెళ్తుంది. పైన చెప్పిన బాబు 75లో దాగిన సున్నా ఇక్కడ దాగదు. ఇలా చేసినప్పుడు మనసుకు సంబంధించిన విషయాలు ఎక్కువగా చర్చకు వచ్చాయని అక్కడి అధ్యయనాలు చూపించాయి.

కౌమారం దగ్గరికి వచ్చేసరికి ఒక విషయం ముందే తేల్చుకోవాలి: జవాబులు ఎవరు చూస్తారు? వెనకనుంచి అమ్మ చూస్తుంటే పద్నాలుగేళ్ల పిల్ల జవాబు ఒకటి, ఒంటరిగా నింపితే ఇంకొకటి. నియమం తప్పినందుకు పడే అపరాధ భావం గురించి అడిగే ప్రశ్నలకైతే మరీ. ఫెనైల్‌అలనిన్ పెరిగిందని ల్యాబ్ రిపోర్టు ఎలాగూ చెబుతుంది. బడిలో అందరి ముందూ సీసా తీయడానికి సిగ్గుపడి మధ్యాహ్నం మిశ్రమాన్ని పారబోస్తున్నానని చెప్పాల్సింది ఆ పిల్లే. ఆ మాట రాయాలంటే కాగితం మొదట ఎవరి చేతికి వెళ్తుందో ఆమెకు తెలిసి ఉండాలి.